ఉల్లిగడ్డ ప్రశ్న

ఎవరు ఏ ధర చెప్పినా నాగేశం కుడి అరచేయి వెల్లకిలా పట్టి, ఒకసారి మెల్లగా ఎగరేసేవాడు. చేతిలో ఏమీ ఉండదు. సిద్దిపేట మార్కెట్ యార్డులో ఖరీదుదార్లు రాశిలోంచి గుప్పెడు గింజలు తీసి ఇలాగే ఎగరేస్తారు. తేమ ఎంతో, తాలు ఎంతో చూస్తారు. నాగేశం ఒట్టి మాటను ఎగరేసేవాడు. రిక్షావాడు కిరాయి చెప్పినా అంతే, కూరగాయలామె బెండకాయల ధర చెప్పినా అంతే. తన పెళ్లిలో అయ్యగారు సంభావన సంగతి ఎత్తినప్పుడు కూడా ఆ చేయి ఎగిరిందని, పక్కన పీటల మీద కూర్చున్న సుగుణ చాలాకాలం చెప్పుకుని నవ్వింది.

ఆయన పనే అడగడం. బి.కాం. పాసయ్యాక కొన్నాళ్లు తండ్రి బట్టల దుకాణంలో కూర్చున్నాడు. చీర చూపించి ఊరుకోడు. ఇదే చీర ఐదు రూపాయలు తక్కువైతే రెండు కొంటారా అని అడుగుతాడు. అడిగించుకున్నవాళ్లు ఆలోచనలో పడేవారు. ఆలోచనలో పడినవాళ్లు చీర మడిచి పెట్టి వెళ్లిపోయేవారు. ఊళ్లల్లో తిరిగి రైతులను ప్రశ్నలడిగే నౌకరీ ఒకటుందని తెలిసిన రోజు, తండ్రే దరఖాస్తు తెచ్చాడు, తండ్రే టపాలో వేశాడు.

హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ. అందులో ప్రమీలాదేవి అనే ఆర్థికశాస్త్రవేత్త. ధర పెరిగితే రైతు ఆ పంటను ఎంత పెంచుతాడు, ఎన్నాళ్లకు పెంచుతాడు, పడితే ఎంత తగ్గిస్తాడు, ఇది ఆమె తేల్చాలనుకున్న సంగతి. అందుకు ఒక సమీకరణం కట్టుకుంది. పోయినేటి ధర ఒకవైపు, ఈ యేటి సాగు ఒకవైపు. నడుమ వాన, బావిలో నీళ్లు, అలవాటైన పంట మీద మమకారం. ఆ మమకారానికి కూడా ఆమె ఒక అంకెకు చోటు పెట్టింది. రైతు ధర వెంట పరుగెత్తడు, కొంత దూరం నడిచి ఆగి చూస్తాడని ఆ అంకె చెబుతుంది. ఆ అంకె ఎంతో తేలాలంటే ఎవరో ఒకరు ఏటేటా ఇంటింటికీ తిరిగి అడగాలి. కొండపాకలో అలా తిరిగేవాడు నాగేశం.

ఈ సంగతి సుగుణకు ఒకరోజు అన్నం తింటూ చెప్పాడు.

"మొన్న బెండకాయ కూర మంచిగున్నదన్న. అన్ననా?"

"అన్నరు."

"గందుకే నిన్న బెండకాయ, ఇయ్యాల బెండకాయ. నా మెచ్చుకోలు ధర. నీ కూర పంట. నిన్నటి ధర జూసి ఇయ్యాల పంట తీస్తున్నవ్."

సుగుణ గరిటె ఆపింది. "మరి రేపు?"

"రేపు నేనేమన. ఎల్లుండికి పంట తగ్గుతది."

"తగ్గదు. మీరిచ్చే పైసలకు బెండకాయలే వస్తున్నయి."

నాగేశం ఈ మాట ప్రమీలాదేవి దగ్గరికి మోసుకుపోయాడు. ఆమె నవ్వింది. "ఆదాయం నా సమీకరణం మూడో వరుసలో ముందే ఉందండీ," అంది.

సుగుణ కొండపాక పిల్లే. యాదవ్వ కూతురు. యాదవ్వకు ఎకరంన్నర చెలక భూమి, ఒక బావి, రెండు బర్రెలు. మొగుడు పోయాక సేద్యమంతా తనదే. ప్రమీలాదేవి ఎంచుకున్న ఇళ్లలో యాదవ్వ ఇల్లు మొదటి నుంచీ ఉంది. ఆ ఇంటికి నాగేశం అల్లుడు కావడం తర్వాతి ముచ్చట. పెళ్లికి ముందు ఆయన సైకిలు దిగేసరికి ఆమె చేట పట్టుకునే అరుగు మీదికి వచ్చేది.

"ఏంరా పిలగా, మల్లొచ్చినవా? నా ఎకరంన్నర ఏటేట పెరుగుతదనుకున్నవా?"

పెళ్లయిన రోజు నుంచి ఆ గొంతు తలుపు వెనక్కి పోయింది. ఆ ఇంటి రివాజు ప్రకారం అత్త అల్లుడి ఎదుట పడదు, ఎదుటపడ్డా మాట్లాడదు. ఇక యాదవ్వ ఇంటికి పోవాలంటే సుగుణను సైకిలు వెనక ఎక్కించుకుని పోవాల్సి వచ్చింది. అరుగు మీద నాగేశం, గడపలో సుగుణ, తలుపు వెనక యాదవ్వ. నాగేశం సుగుణను అడుగుతాడు.

"మక్క ఎంత ఏసిన్రట?"

"అవ్వా, మక్క ఎంత ఏసినవట?"

"అరెకరమని జెప్పు మీ ఆయనకు. అడిగిందే అడుగుతడని గూడ జెప్పు."

"అరెకరమట."

"ఆ రెండోది గూడ ఇనవడ్డది," అనేవాడు నాగేశం గోడతో.

అత్తగారయ్యింది కదా, జాబితాలోంచి ఆమెను తీసేద్దామా అని ప్రమీలాదేవిని అడిగాడు. బంధువులను తీసేస్తూ పోతే కొండపాకలో మీకు ఇంకో యేడాదికి ఎవరూ మిగలరు, ఉంచండి, అంది ఆమె. నిజమే. ఊరంతా ఆయన్ను అల్లుడనే పిలిచేది. ఏ ఇంటి ముందు సైకిలు ఆగినా తలుపు తెరుచుకునేది, చెంబుతో నీళ్లు వచ్చేవి, అడిగినదానికి జవాబు వచ్చేది. అడిగేవాడికి ఉండే ఆస్తి అదొక్కటే. అది పోతే ఆ ఊళ్లో ఆయన ఒట్టి సైకిలు మనిషి. ప్రమీలాదేవి పెట్టిన నియమం కూడా అందుకోసమే: అడగాలి, చెప్పకూడదు. ఏ పంట వెయ్యాలో, ఏది వెయ్యొద్దో పొరపాటున కూడా అనకూడదు.

ఉల్లిగడ్డ ధర ఎక్కిన మరుసటి యేడు, జ్యేష్ఠంలో, ప్రమీలాదేవి ఒక కొత్త ప్రశ్న చేర్చింది. అంతవరకూ జరిగినదాన్నే అడిగేవారు. ఇప్పుడు జరగనిదాన్ని అడగాలి. ఉల్లిగడ్డ ధర ఇంకా పెరిగితే ఎంత భూమిలో వేస్తారు?

నాగేశం శ్రద్ధగా ఇంటింటా అడిగాడు. సిద్ధయ్య ఇంట్లో మరీ శ్రద్ధగా. సిద్ధయ్య చెలక యాదవ్వ చెలకకు ఆనుకునే ఉంటుంది. ఊళ్లో నలుగురు ఏ మాటైనా ఆయన నోట విన్నాకే నమ్ముతారు.

"ఇంక పెరిగితెనా?" అన్నాడు సిద్ధయ్య.

"పెరిగితె."

"ఎంత పెరుగుతది?"

"పెరుగుతదని గాదు. పెరిగితె."

"గదే. పెరిగితె," అని సిద్ధయ్య కన్ను గీటాడు. "రెండెకరాలు రాసుకో అల్లుడా. సమజైంది."

ఏం సమజైందో నాగేశానికి తెలియలేదు. మూడు వారాలు పోయాక సిద్దిపేటలో తెలిసింది. విత్తనాల దుకాణం కాశీనాథం నాగేశం తండ్రికి దోస్తు. దారిన పోతున్నవాణ్ని పిలిచి చాయ్ పోయించాడు.

"ఉల్లి విత్తనం దుకాణంల గింజ లేదు బిడ్డా. అంత మీ అత్తగారి ఊరోళ్లే ఊడ్సుకపోయిన్రు. సర్కారు ధర కడుతున్నదట గద?"

"ఎవలు జెప్పిన్రు?"

"నువ్వే జెప్పినవట."

నాగేశం చాయ్ సగంలో పెట్టి సైకిలెక్కాడు. కొండపాకలో సిద్ధయ్య నారుమడికి నీళ్లు పెడుతున్నాడు. మడి పచ్చగా, బొద్దుగా, ఊరందరికీ సరిపోయేలా ఉంది. పక్క మడీ అంతే, దాని పక్కదీ అంతే.

"నేను అడిగిన మామా. ధర పెరుగుతదని జెప్పలె."

"జెప్పలె. జెప్పొద్దని మీకు హుకుం ఉన్నదని మాకెరుకే. గందుకే అడిగినట్టు జెప్పినవ్. సర్కారోడు ఊకె అడుగుతడా? మొన్నటి దాక ఎన్నడన్న అడిగినవా గిట్ల?"

"సర్కారు గాదు, పరిశోధన..."

"గదే. ఇంక లోపలి ముచ్చట," అన్నాడు సిద్ధయ్య గొంతు తగ్గించి.

ఇంటికి వచ్చేదారంతా నాగేశం లెక్క వేసుకున్నాడు. ధర ఎక్కింది కాబట్టి అన్నిచోట్లా ఉల్లి వేస్తారు. అందరూ వేస్తే యార్డులో రాశులు పడి ధర కూలుతుంది. సమీకరణం ఆ మాటే చెబుతుంది. కూలినప్పుడు వేరే ఊళ్లవాళ్లు తమ రాత అనుకుంటారు. కొండపాకవాళ్లు అల్లుడనుకుంటారు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఒక్క తలుపు తెరుచుకోదు. పోనీ ఉల్లి వెయ్యకండి అని చెబుదామా అంటే నియమం అడ్డం.

మర్నాటికి ఉపాయం తోచింది. చెప్పకూడదు, కానీ అడగొచ్చు. ఇంకో ప్రశ్న అడుగుతాడు. ఉల్లిగడ్డ ధర సగానికి పడిపోతే ఎంత వేస్తారు? ప్రమీలాదేవికి చెప్పలేదు. చెబితే వద్దంటుందని తెలుసు.

ఆ రోజు సుగుణ రానంది. పోయినసారి సైకిలు వెనక కూర్చుని వెళ్లొచ్చిన నడుము నొప్పి ఇంకా తగ్గలేదు. "మా అవ్వను నేనొచ్చినప్పుడు అడుగుదురు. పోయిరాండ్రి," అంది.

నాగేశం ఒక్కడే పోయాడు. ఇంటింటా తలుపు తెరుచుకుంది. ఇంటింటా అడిగాడు. ప్రశ్న విన్న మొహాలు ఒక్కొక్కటే మారుతుంటే లోపల సంతోషపడ్డాడు. సిద్ధయ్య అయితే విని, అరుగు మీంచి లేచి నిలబడ్డాడు.

"గప్పుడు పెరిగితె అన్నవ్. ఇప్పుడు పడితె అంటున్నవ్."

"అడుగుతున్న మామా, అంతే."

"సమజైంది," అన్నాడు సిద్ధయ్య, ఈసారి కన్ను గీటకుండా.

చివరికి యాదవ్వ ఇల్లు. అరుగు మీద నిలబడి నాగేశం దగ్గాడు. లోపల యాదవ్వ దగ్గింది. నాగేశం మళ్లీ దగ్గి, సుగుణకు నడుము నొప్పి అన్నాడు గోడతో. లోపల గిన్నె చప్పుడైంది. చెంబుతో నీళ్లు గడప దాటి వచ్చాయి, చేయి మాత్రమే కనిపించింది. నీళ్లు తాగాడు. చెంబు గడపలో పెట్టాడు. ప్రశ్న అడిగే దారి తోచక సైకిలెక్కాడు. సుగుణను తీసుకుని మళ్లీ రావాలనుకున్నాడు. ఈలోగా వానలు పట్టుకున్నాయి.

కొండపాకలో ఆ వానకాలం యాదవ్వ తప్ప ఉల్లి ఎవరూ నాటలేదు. మక్కజొన్న వేశారు. పెరిగిన నారును కొందరు మేకలకు వేశారు. యాదవ్వ అది చూసి, మేకలకెందుకు పిల్లా నాకియ్యరాదు అని గంపతో ఇల్లిల్లూ తిరిగింది. లోపలి ముచ్చట అత్తకు తెలియకుండా ఉంటుందా అని ఆమెకెవరూ చెప్పలేదు; జనానికి మతి పోయిందనుకుంది. తన నారు తన ఎకరంలో నాటింది. అడిగి తెచ్చిన నారు, బర్రెలకు జొన్నచొప్ప పెంచుకునే అరెకరంలో నాటింది. ఎర్రచెలక, వాలు నేల. ఎంత కురిసినా నీళ్లు నిలవవు.

వేరే ఎక్కడెక్కడో నిలిచాయి. దూరాన ఎక్కడో ఉల్లి వేసిన జిల్లాల్లో పంట మళ్లలోనే కుళ్లిందని కార్తీకంలో కబురొచ్చింది. సిద్దిపేట యార్డులో ఉల్లిగడ్డ ధర పాట పెడుతుంటే జనం చుట్టూ మూగి విన్నారు, కొనడానికి కాదు, వినడానికే. యాదవ్వ ఇంటి మీద కొత్త పెంకు పడింది. ఊరు ఆ పెంకును చూసింది. తర్వాత నాగేశం సైకిలు వచ్చింది.

మొదటి ఇంటి తలుపు మూసి ఉంది. రెండోదీ అంతే. సిద్ధయ్య తలుపు ఆయన చూస్తుండగానే మూసుకుంది.

"మామా," అని పిలిచాడు నాగేశం.

"సిద్ధయ్య ఇంట్ల లేడు," అంది లోపలి నుంచి సిద్ధయ్య గొంతు.

"నువ్వే గద మామా మాట్లాడుతున్నవ్."

"మాట్లాడితె మాట్లాడుతున్న. నీకైతె లేడు."

ఒక్క జవాబూ దొరకలేదు. ఖాళీ కాగితాలు పట్టుకుని హైదరాబాదు పోయి, ప్రమీలాదేవి ఎదుట కూర్చుని, రెండో ప్రశ్న దగ్గర్నుంచి కొత్త పెంకు దాకా చెప్పాడు. ఆమె బల్ల మీది కాగితంలో ఒక గీత గీసి ఉంది. ఊళ్లన్నీ ఆ గీత పక్కపక్కనే చుక్కలై నడుస్తున్నాయి. కొండపాక మాత్రం దూరంగా, కింద, ఒంటరిగా ఉంది.

"ధర పెరిగిన మరుసటి యేడు పంట మానేసిన ఊరు ఇదొక్కటే," అంది ఆమె. "నేను మూడు రోజులుగా నా లెక్కలో తప్పు వెతుకుతున్నాను. మొదటి ప్రశ్న రాసింది నేను, కాబట్టి సగం తప్పు నాదే. ఆ ఊళ్లో మన ప్రశ్నే ధరలాగా పనిచేసిందండీ నాగేశం గారూ. కానీ రెండోది మీరు నాకు చెప్పకుండా అడిగారు. అది మీది."

"నాదే మేడం."

"వాళ్లు తలుపు మూస్తే నేను చెయ్యగలిగింది లేదు. వచ్చే యాసంగి పంట అంకెలు రాకపోతే కొండపాకను తీసేసి, ధూళిమిట్ట వైపు ఒక ఊరు చూస్తాను. మిమ్మల్ని అక్కడికి వేస్తాను. నౌకరీకి ఏమీ కాదు."

నౌకరీకి ఏమీ కాదు. అయినా నాగేశం బస్సులో వస్తూ కిటికీ బయట ఏదీ చూడలేదు. ధూళిమిట్టలో తలుపు తట్టొచ్చు. అక్కడ ఎవరూ అల్లుడా అనరు. ఇక్కడ, భార్య పుట్టిన ఊళ్లో, అత్త కోసం ఊరిని ముంచినవాడన్న పేరు మిగులుతుంది. సుగుణ ఏ పండక్కి వచ్చినా ఆ పేరు వెనకే వస్తుంది.

రెండు రోజుల తర్వాత, పొద్దు వాలేవేళ, సుగుణను వెనక ఎక్కించుకుని కొండపాక పోయాడు. పిండి గిర్ని ముందు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. సైకిలు స్టాండు వేసి, వాళ్ల నడుమకు పోయి నిలబడ్డాడు.

"నన్ను తిట్టదల్సుకుంటె తిట్టుండ్రి. తలుపు మాత్రం మూయకుండ్రి."

"తిట్టి ఏం జేస్తం," అన్నాడు సిద్ధయ్య. "ఊరంత తిరిగినవ్ అల్లుడా. ధర పడితె ఎట్ల అని నన్నడిగినవ్, గీయిననడిగినవ్, గాయిననడిగినవ్. నా నారు మేకలు తిన్నయ్. మిగిలింది మీ అత్త పట్టుకపోయింది. ఆమెనొక్కదాన్నే అడుగలె. అవునా, కాదా?"

"అవును. అడుగలె."

"ఎందుకడుగలె?"

చెబితే నమ్మరనిపించింది నాగేశానికి. అప్పుడు గిర్ని పక్క సందులోంచి యాదవ్వ వచ్చింది. సుగుణ వెళ్లి చెప్పినట్టుంది, వెనకే వస్తోంది. యాదవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కుని, అల్లుడికి వీపు పెట్టి, సిద్ధయ్య వైపు తిరిగింది.

"ఎందుకడుగలేదంటవా సిద్ధన్నా. ఆ దినం నా పిల్ల రాలె. అల్లుడు అరుగు మీద నిలవడి దగ్గిండు. నేను లోపలికెంచి దగ్గిన. మంచినీళ్లిచ్చిన, తాగి పోయిండు. ఇంకెట్ల అడుగుతడు? నీ అల్లుడు నీ పెండ్లాం తోని మాట్లాడుతడా?"

సిద్ధయ్య అల్లుడు పెళ్లయిన నాటి నుంచీ అత్తగారి మొహం ఇంకా పూర్తిగా చూడలేదని అందరికీ తెలుసు.

"నన్ను గూడ అడిగితె నేను గూడ మక్కనే ఏద్దును," అంది యాదవ్వ. "మీకంటె తెలివి నాకెక్కడిది? దగ్గుల ధర తెలుస్తదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో దగ్గారు. ఇంకొకరు జవాబుగా దగ్గారు. నవ్వు గిర్ని గోడ దాకా పోయి తిరిగి వచ్చింది. యాదవ్వ అప్పుడు, ఏమనుకుందో ఏమో, వెనక్కి తిరిగి అల్లుడి మొహం చూసి నేరుగా అంది.

"నువ్వన్న దగ్గుడు బంద్ జేసి గట్టిగ ఒర్రరాదా బిడ్డా. గోడకు జెప్పినట్టు జెప్తె నేను ఇనకపోదునా?"

సుగుణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాగేశం అత్తగారికి జవాబివ్వొచ్చో లేదో తెలియక సిద్ధయ్య వైపు చూశాడు.

"సరే," అన్నాడు సిద్ధయ్య. "దొంగతనం గాదు, దగ్గుతనం. ఒప్పుకున్నం. అయినా దండుగ ఉంటది. ఇన్నేండ్లు నువ్వు మమ్ములనడిగినవ్. ఇయ్యాల మేం నిన్నడుగుతం. నా బాయెనుక పది గుంటల భూమి, పావెకరం, దున్ని పెట్టి ఉన్నది. ఈ యాసంగి గది నీదే అనుకో. ఉల్లిగడ్డ ధర గింత ఉన్నది. ఏమేస్తవ్?"

నాగేశానికి జవాబు తెలుసు. ధర ఎక్కింది కాబట్టి యాసంగికి అన్ని ఊళ్లూ ఉల్లి నాటుతాయి. చైత్రానికి రాశులు పడతాయి. తెలివైనవాడు వేరుశనగ వేస్తాడు. నోరు తెరిచాడు. కళ్ల ముందు కొత్త పెంకు కనిపించింది.

"ఉల్లిగడ్డ," అన్నాడు.

ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"ఎంతల?"

"పది గుంటలల్ల. మొత్తం."

"జూసిన్రా," అన్నాడు సిద్ధయ్య అందరి వైపు తిరిగి. "మనమే నయం. మనం సగంల ఏసి సగం ఆపుతం. అయితె ఇను. జవాబు నోట్లె ఉంటె మాట. భూమిల వెట్టు. లాభమొస్తె నీది, మునిగితె నీది. గప్పుడు మాలెక్కనే నీ కడుపుల గూడ భయముంటది. యాసంగికి వచ్చి అడుగు, తలుపు తీసి జెప్తం."

"నాటుడు నాకు రాదు మామా."

"అడిగి నేర్సుకో. అడుగుడు వస్తది గద."

జనం లేచి ఇళ్లకు పోతూ, అల్లుడు ఉల్లి వేస్తున్నాడంటే మనం వెయ్యాలా, మానాలా అని మాట్లాడుకున్నారు. తేలలేదు. సందు మలుపు తిరిగాక కూడా ఆ మాటలే వినిపించాయి.

ఆ రాత్రి నాగేశం, సుగుణ అక్కడే ఉండిపోయారు.

మర్నాడు పొద్దున నాగేశం ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, సిద్ధయ్య బావి వెనక మడిలోకి దిగాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. యాదవ్వ గట్టు మీద తన మడిలోని నారుకట్టలు విప్పి పెట్టి, జానెడు ఎడం గాదు బెత్తెడు, బెత్తెడంటె తెల్వదా అని మొదలుపెట్టి, ఇన్నేళ్లు తలుపు వెనక దాచుకున్న మాటలన్నీ ఆయన మీదికి వదిలింది. ఆయన ఒక్కటీ రాసుకోలేదు. వంగి, వేలితో బురదలో గుంట చేసి, మొక్క పెట్టి, నొక్కి, జరిగాడు. మొదటి సాలు చివరికి వచ్చి వెనక్కి చూసుకున్నాడు. వంకర పోయింది. మళ్లీ మొదటికి పోయి, ఒక్కొక్కటే పీకి, తిన్నగా నాటడం మొదలుపెట్టాడు.